ఏ రైలు? ఏ సిగ్నల్? డ్రైవర్‌కీ సిగ్నలర్‌కీ మధ్య క్యాబ్ రేడియో

1994 అక్టోబర్ 15న ఇంగ్లండ్‌లోని కెంట్ ప్రాంతంలో, కౌడెన్ దగ్గర రెండు ప్యాసింజర్ రైళ్లు ఎదురెదురుగా ఢీకొన్నాయి. పొగమంచు దట్టంగా ఉంది. ఒక రైలు ఎర్ర సిగ్నల్ దాటి సింగిల్ లైన్‌లోకి వచ్చేసింది. ఐదుగురు చనిపోయారు. ఆ రైలు సిగ్నల్ దాటిన సంగతి సిగ్నలర్‌కి ప్యానెల్ మీద, అంటే రైళ్లు ఎక్కడున్నాయో చూపే బోర్డు మీద తెలిసిపోయింది. ఏం జరగబోతోందో కూడా అర్థమైంది. కానీ రెండు రైళ్లలో ఏ డ్రైవర్‌కీ ఆ మాట చెప్పే దారి లేదు. వాటి క్యాబ్‌లలో, అంటే డ్రైవర్ కూర్చునే గదుల్లో, రేడియో లేదు.

సిగ్నలర్ అంటే సిగ్నల్ బాక్స్‌లోనో పెద్ద కంట్రోల్ సెంటర్‌లోనో కూర్చుని, పాయింట్లు (రైలుని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే పట్టాలు) మార్చి, సిగ్నళ్లు ఇచ్చి రైళ్లను నడిపించే మనిషి. అంతా సవ్యంగా సాగే రోజున డ్రైవర్‌కీ సిగ్నలర్‌కీ మధ్య ఒక్క మాట కూడా నడవకపోవచ్చు. పచ్చ లైటు పొమ్మంటుంది, ఎర్ర లైటు ఆగమంటుంది, అంతటితో సరి. లైట్లతో చెప్పలేని విషయం వచ్చినప్పుడే రేడియో అవసరం పడుతుంది. ఎర్ర సిగ్నల్ ఎంతకీ మారకపోవడం, పట్టాల మీద పశువులు కనిపించడం, ఒకచోట రైలు మామూలుగా కాకుండా గట్టిగా కుదపడం, తలుపు మూసుకోకపోవడం, ఎవరో లైను మీదికి దిగడం లాంటివి. అంటే ఈ రేడియో మోగిందంటేనే ఎక్కడో ఏదో తేడా వచ్చిందని లెక్క. అప్పుడు మాట్లాడుతున్నది ఎవరు, ఎక్కడున్నారు, ఏమన్నారు అన్న మూడింట్లో ఏ ఒక్కదానిలోనూ పొరపాటు రాకూడదు. గొంతుని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం ఇందులో తేలికైన పని. కష్టమంతా ఆ మూడు ప్రశ్నల దగ్గరే ఉంది.

బ్రిటన్ రైల్వేల ఉదాహరణతో దీన్ని చూద్దాం. అక్కడ ఈ ఏర్పాటు ఒక్కో ప్రమాదం తర్వాత ఒక్కో మెట్టు ఎక్కుతూ వచ్చింది కాబట్టి ఏది ఎందుకు పెట్టారో స్పష్టంగా కనిపిస్తుంది.

మనిషిని పంపిన రోజులు

రేడియో లేని కాలంలో సిగ్నలర్‌తో మాట్లాడాలంటే మనిషి నడిచి వెళ్లాల్సిందే. దీన్ని రూల్ 55 అనేవారు. సిగ్నల్ దగ్గర రైలు ఆగిపోతే కొద్ది నిమిషాల్లో, పొగమంచు ఉంటే వెంటనే, ఫైర్‌మనో (ఇంజిన్‌లో బొగ్గు వేసే మనిషి) గార్డో దిగి సిగ్నల్ బాక్స్‌కి వెళ్లాలి. మా రైలు ఇక్కడ నిలబడి ఉందని గుర్తు చేయాలి. రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. ఆ లైనుకి పొరపాటున సిగ్నల్ ఇవ్వకుండా, సిగ్నల్‌ని మార్చే లివర్‌కి కాలర్ అనే రింగు తొడిగారో లేదో చూసుకోవాలి. సిగ్నలర్ మరచిపోవచ్చన్న భయమే ఈ నియమానికి మూలం.

ఆ భయం ఉత్తది కాదు. 1910 డిసెంబర్ 24 తెల్లవారుజామున ఇంగ్లండ్‌లోని హాస్ జంక్షన్‌లో బోగీలు లేని రెండు ఇంజిన్లు సిగ్నల్ దగ్గర ఎదురుచూస్తున్నాయి. సిగ్నలర్ వాటి సంగతి మరచిపోయి, వెనక వస్తున్న ఎక్స్‌ప్రెస్ కోసం సిగ్నల్ ఇచ్చారు. అది తమకే అనుకుని ఇంజిన్లు రెండూ కదిలాయి. ఎక్స్‌ప్రెస్ వచ్చి వెనక నుంచి గుద్దింది. 12 మంది పోయారు. ఆ ఇంజిన్ల మీదున్న వాళ్లెవరూ బాక్స్‌కి వెళ్లలేదు.

ఐదేళ్లకి, 1915 మే 22న, స్కాట్లండ్‌లోని క్వింటిన్స్‌హిల్‌లో ఫైర్‌మన్ వెళ్లాడు. సంతకం కూడా పెట్టాడు. కాలర్ తొడిగారా లేదా అన్నది మాత్రం చూడకుండా వెనక్కి వచ్చేశాడు. నిలబడి ఉన్న ఆ లోకల్ రైలు బాక్స్ ఎదురుగానే ఉంది. డ్యూటీ ఎక్కిన సిగ్నలర్ ఆ పొద్దున వచ్చింది ఆ రైల్లోనే. అయినా అది అక్కడుందన్న సంగతి మరపున పడి, సైనికులతో వస్తున్న రైలుకి దారి ఇచ్చేశారు. 200 మందికి పైగా చనిపోయారు. రేడియో గురించి ఆలోచించేవాళ్లకి హాస్ జంక్షన్ కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. సమాచారం చేరింది, కాగితం మీద నమోదైంది, కానీ జరగాల్సిన పని జరగలేదు. ఎంత మంచి రేడియో పెట్టినా ఈ చిక్కు అలాగే ఉంటుంది.

తర్వాత ట్రాక్ సర్క్యూట్ విస్తరించింది. పట్టాల్లో చిన్న కరెంటు పారుతూ ఉంటుంది. రైలు వచ్చినప్పుడు చక్రాలు, ఇరుసులు ఆ రెండు పట్టాలనీ కలిపేస్తాయి. దాంతో ఆ ముక్కలో రైలు ఉందని ప్యానెల్ మీద చూపిస్తుంది. ఇలాంటి సదుపాయం ఉన్న సిగ్నళ్లకి తెల్లని డైమండ్ ఆకారపు పలక తగిలించారు. అక్కడ మనిషి బాక్స్‌దాకా నడవక్కర్లేదు. రైలు ఉందని ప్యానెల్‌కి తెలుసు. అయితే అది ఏ రైలో, దానికేమైందో ట్రాక్ సర్క్యూట్‌కి తెలియదు.

కదలని ఫోను

ఆ లోటు తీర్చడానికి సిగ్నల్ స్తంభాలకే ఫోన్లు బిగించారు. డ్రైవర్ క్యాబ్ దిగి, స్తంభం దాకా నడిచి, పెట్టె తెరిచి మాట్లాడాలి. వానలో, చీకట్లో, పక్క లైన్ల మీద రైళ్లు దూసుకుపోతుండగా ఇది ప్రమాదకరమైన పనే. అందుకే ఇప్పుడు చాలా చోట్ల వీటిని తీసేస్తున్నారు.

కానీ ఈ ఫోనుకి ఒక గొప్ప గుణం ఉంది. అది ఏ సిగ్నల్‌కి చెందినదో మోగగానే సిగ్నలర్‌కి తెలుస్తుంది. డ్రైవర్ తడబడి తప్పు నంబర్ చెప్పినా, కాల్ వచ్చిన చోటు మారదు. ల్యాండ్‌లైన్ మోగితే ఏ ఇంటి నుంచో తెలుస్తుంది, సెల్‌ఫోన్ మోగితే మొదటి మాటే ‘ఎక్కడున్నావు?’ కదా. రైలు క్యాబ్‌లోకి రేడియో వచ్చిన రోజున రైల్వేలకి సరిగ్గా ఈ సమస్యే ఎదురైంది. సౌకర్యం వచ్చింది, చిరునామా పోయింది. ఆ తర్వాత చేసిన పనంతా పోయిన చిరునామాని మళ్లీ సంపాదించుకోవడానికే.

1980లలో బ్రిటన్‌లో రెండు వేర్వేరు రేడియోలు వచ్చాయి. నేషనల్ రేడియో నెట్‌వర్క్ దేశమంతా ఉండేది కానీ టెలిఫోన్ తరహాది. రైలు ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతంలోకి వెళ్లినప్పుడు డ్రైవరే ఏరియా నంబర్ మార్చుకోవాలి. మామూలు కాల్ వెళ్లేది కంట్రోల్ ఆఫీసుకి, సిగ్నలర్‌కి నేరుగా కాదు. రెండోది క్యాబ్ సెక్యూర్ రేడియో. గార్డు లేకుండా డ్రైవర్ ఒక్కరే నడిపే రైళ్ల కోసం పెట్టింది. ఇది సూటిగా ఆ లైను చూసే సిగ్నలర్‌కే వెళ్లేది. బయలుదేరే ముందు డ్రైవర్ ఎదురుగా ఉన్న సిగ్నల్ నంబర్ కొట్టి తన రైలుని నమోదు చేసుకునేవారు. ఇది మంచి ఏర్పాటే కానీ కొన్ని లైన్లకే పరిమితం. కౌడెన్ లైను లాంటివి రెండింటికీ మధ్యలో మిగిలిపోయాయి.

ఇప్పుడున్నది జీఎస్ఎం-ఆర్. పాత తరం మొబైల్ ఫోన్ల జీఎస్ఎం సాంకేతికతకి రైల్వే అవసరాలు జోడించి తయారుచేసింది. యూరప్‌లోని 32 రైల్వేలు 1997లో దీన్ని అమలు చేస్తామని ఒప్పందం మీద సంతకం చేశాయి. గంటకి 500 కిలోమీటర్ల వేగంలోనూ కాల్ తెగకూడదన్న లెక్కతో దీన్ని రూపొందించారు. యూరప్‌లో రైలు నుంచి టవర్‌కి 876–880, టవర్ నుంచి రైలుకి 921–925 మెగాహెర్ట్జ్‌లు కేటాయించారు. క్యాబ్‌లో ఉండే సెట్ శక్తి 8 వాట్లు, చేతిలో పట్టుకునేది 2 వాట్లు. సొరంగాల్లో మామూలు యాంటెన్నా సరిపోదు కాబట్టి గోడ పొడవునా సిగ్నల్ విడుదల చేసే ప్రత్యేకమైన కేబుల్ లాగుతారు. 2010ల మధ్యకల్లా బ్రిటన్‌లో పాత రేడియోల స్థానంలోకి ఇది వచ్చేసింది.

రైలుకి పేరు పెట్టడం

క్యాబ్‌లో ఉన్న రేడియోకి ఒక శాశ్వతమైన నంబర్ ఉంటుంది. అది సిగ్నలర్‌కి ఎందుకూ పనికిరాదు. సిగ్నలర్ తెర మీద ఉండేది హెడ్‌కోడ్, అంటే నాలుగక్షరాల రైలు పేరు. 2సి45 అనుకుందాం. మొదటి అంకె రైలు రకాన్ని చెబుతుంది. 1 అయితే ఎక్స్‌ప్రెస్, 2 అయితే మామూలు ప్యాసింజర్, 5 అయితే ఖాళీ పెట్టెలు, 0 అయితే ఒంటి ఇంజిన్. అదే పెట్టెల సెట్టు పొద్దున ఒక హెడ్‌కోడ్‌తో, మధ్యాహ్నం ఇంకోదానితో నడవచ్చు. కాబట్టి ప్రతి ప్రయాణానికి ముందు డ్రైవర్ రేడియోలో హెడ్‌కోడ్‌ని, దాని వెనక తానున్న చోటుని తెలిపే మూడంకెల్ని కొట్టాలి. ఆ పేరున్న రైలు నిజంగా ఆ సిగ్నల్ దగ్గరే ఉందో లేదో సిగ్నలింగ్ వ్యవస్థ డేటాతో సరిచూస్తారు. సరిపోతే నమోదు అవుతుంది. అక్కడి నుంచి సిగ్నలర్ 2సి45 అని ఎంచుకుంటే ఆ క్యాబ్‌లోనే మోగుతుంది.

ఇది చాదస్తంలా అనిపించవచ్చు. కానీ తప్పు హెడ్‌కోడ్‌తో ఒక రేడియో నమోదైందంటే, ఒక డ్రైవర్‌కి చెప్పాల్సిన మాట ఇంకో డ్రైవర్ చెవిన పడుతుంది. మాట చాలా స్పష్టంగా వినిపిస్తుంది కూడా. అదే అసలు ప్రమాదం. గరగరమనే రేడియోని ఎవరైనా అనుమానిస్తారు, శుభ్రంగా వినిపించేదాన్ని అనుమానించరు.

డ్రైవర్ వైపు నుంచి సమస్య ఇంకో రకం. ‘సిగ్నలర్‌కి కాల్’ అన్న బటన్ నొక్కితే ఏ సిగ్నలర్‌కి వెళ్లాలి? రైలు ఏ టవర్ పరిధిలో ఉందో చూసి కాల్ మళ్లించడం మామూలు పద్ధతి. అయితే టవర్ల పరిధులు సిగ్నలర్ల సరిహద్దుల ప్రకారం గీసినవి కావు. ఒకే టవర్ కింద ఇద్దరు ముగ్గురు సిగ్నలర్ల లైన్లు ఉండొచ్చు, జంక్షన్ల దగ్గర మరీను. అందుకే బ్రిటన్‌లో టవర్‌తో ఆగకుండా, సిగ్నలింగ్ వ్యవస్థలో ఆ హెడ్‌కోడ్ ఎక్కడ కనిపిస్తోందో కూడా చూసి కాల్ పంపిస్తారు. స్తంభానికి బిగించిన ఫోన్ ఊరికే ఇచ్చిన సమాచారం కోసం ఇప్పుడు ఇంత తతంగం.

అన్నిటికీ మాట అక్కర్లేదు. ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ‘సిగ్నల్ దగ్గర నిలబడి ఉన్నాను’ అన్న సందేశాన్ని ఒక్క బటన్‌తో పంపవచ్చు. సిగ్నలర్ ‘ఆగండి’ అని అలాగే ఒక్క నొక్కుతో జవాబిస్తారు. రూల్ 55లో ఫైర్‌మన్ నడక మొత్తం ఇప్పుడు ఈ రెండు నొక్కుల్లో ఉంది. మామూలు కాల్‌కి ఒక బటన్, అర్జెంటు కాల్‌కి పసుపు బటన్, ప్రాణాపాయానికి ఎర్ర బటన్. ఇవి కాక డ్రైవర్ స్పృహ తప్పితే, అప్రమత్తత పరికరానికి స్పందన లేక బ్రేకులు పడ్డాక, ఎవరూ నొక్కకుండానే రేడియో సిగ్నలర్‌కి హెచ్చరిక పంపుతుంది.

అన్న మాట తిరిగి అనిపించుకోవడం

యంత్రం చేయగలిగింది ఇక్కడితో అయిపోయింది. మిగిలింది ఇద్దరు మనుషుల మధ్య మాట. సిగ్నల్ పాడై ఎర్రగానే ఉండిపోయిందనుకోండి. దాన్ని దాటి వెళ్లడానికి సిగ్నలర్ నోటిమాటగా అనుమతి ఇవ్వాలి. రైలు ఆగి ఉండగానే ఇది జరగాలి. సంభాషణ దాదాపు ఇలా ఉంటుంది (నంబర్లు ఊహించినవి):

– సిగ్నలర్ గారూ, నేను 2 చార్లీ 4 5 డ్రైవర్‌ని. సిగ్నల్ లీమా 2 1 4 దగ్గర ఆగి ఉన్నాను. ఓవర్.
– 2 చార్లీ 4 5 డ్రైవర్, లీమా 2 1 4 దగ్గర ఆగి ఉన్నారు. ఆ సిగ్నల్ పనిచేయడం లేదు. లీమా 2 1 4 ఎర్రగా ఉన్నా దాటి, తర్వాతి సిగ్నల్ లీమా 2 1 6 వరకు జాగ్రత్తగా వెళ్లండి. తిరిగి చెప్పండి. ఓవర్.
– లీమా 2 1 4 ఎర్రగా ఉన్నా దాటి, లీమా 2 1 6 వరకు జాగ్రత్తగా వెళ్లాలి. ఓవర్.
– సరిగ్గా చెప్పారు. అవుట్.

నంబర్లను ఒక్కో అంకెగా పలకడం, అక్షరాలకి చార్లీ, లీమా లాంటి పదాలు వాడటం, ఇద్దరూ ఎవరో మొదటే చెప్పుకోవడం, విన్నది తిరిగి చెప్పడం అన్నీ నియమాలే. సంభాషణని నడిపించే బాధ్యత సిగ్నలర్‌ది. రోజూ మాట్లాడుకునే ఇద్దరికి ఇది కృతకంగానే అనిపిస్తుంది. ‘ఆ, తెలుసులే’ అనే చోటే నియమం జారిపోతుంది. అందుకే కాల్స్ రికార్డు చేస్తారు, ప్రమాదం జరగకపోయినా అప్పుడప్పుడు వాటిని వినిపించి లోపాలు చూపిస్తారు.

ఇంత జాగ్రత్త కూడా అన్నిటినీ ఆపలేదు. 2023 ఫిబ్రవరి 28 రాత్రి గ్రీస్‌లోని టెంపి దగ్గర ప్యాసింజర్ రైలు, గూడ్స్ రైలు ఎదురెదురుగా ఢీకొని 57 మంది చనిపోయారు. లారిస్సా స్టేషన్ నుంచి ఎర్ర సిగ్నల్ దాటి ముందుకు వెళ్లమని ప్యాసింజర్ రైలుకి రేడియోలో చెప్పారు. మాట చేరింది, రేడియో బాగానే పనిచేసింది. పాయింట్లు మాత్రం గూడ్స్ వస్తున్న లైనుకి తిరిగి ఉన్నాయి. తిరిగి చెప్పించుకోవడం వల్ల ఒకరు తప్పుగా విన్నది దొరుకుతుంది. ఇద్దరూ ఒకే తప్పుని నిజమని నమ్మితే మాత్రం దొరకదు. దానికి పాయింట్లు ఎటున్నాయో యంత్రమే చూసి అడ్డుకునే సిగ్నలింగ్ కావాలి. రేడియో దానికి ప్రత్యామ్నాయం కాదు.

ఎర్ర బటన్

పక్క లైను మీద బోగీ పట్టాలు తప్పి అడ్డంగా పడిందని డ్రైవర్ చూశారనుకోండి. సిగ్నలర్‌కి ఫోన్ చేసి, ఆయన మిగతావాళ్లకి ఫోన్లు చేసే వ్యవధి లేదు. ఎర్ర బటన్ నొక్కితే కొద్ది సెకన్లలో ఆ ప్రాంతంలోని అన్ని క్యాబ్‌లలో, సిగ్నలర్ దగ్గర ఒకేసారి అలారం మోగుతుంది. ఎవరూ రిసీవర్ ఎత్తక్కర్లేదు, స్పీకర్‌లోంచి గొంతు వస్తుంది. లైన్లు ఖాళీ లేకపోతే తక్కువ ప్రాధాన్యమున్న కాల్స్‌ని తెంచి మరీ దీనికి దారి ఇస్తుంది. కాల్ నడుస్తుండగా కొత్తగా ఆ ప్రాంతంలోకి వచ్చే రైలు కూడా అందులో చేరిపోతుంది. బ్రిటన్‌లో ఈ అలారం విన్న డ్రైవర్ కారణం కోసం ఎదురుచూడకుండా రైలు ఆపాలి. సిగ్నలర్ చెప్పేదాకా కదపకూడదు.

ఆ ‘ప్రాంతం’ ఎంత పెద్దదిగా ఉండాలన్నది తలనొప్పి ప్రశ్న. చిన్నదిగా గీస్తే ప్రమాదం వైపు వస్తున్న రైలుకి వినిపించకపోవచ్చు. పెద్దదిగా గీస్తే సంబంధం లేని రైళ్లన్నీ నిలిచిపోతాయి, పెద్ద నగరం చుట్టూ అయితే సాయంత్రం రద్దీ అంతా కుప్పకూలుతుంది. రైల్వేలు సాధారణంగా పెద్దదాని వైపే మొగ్గుతాయి. అది సరైన నిర్ణయమే. పొరపాటున నొక్కిన ఎర్ర బటన్‌తో పోయేది సమయం మాత్రమే.

బటన్ ఉన్నంత మాత్రాన సరిపోదని 2016 ఫిబ్రవరి 9న జర్మనీలోని బాడ్ ఐబ్లింగ్‌లో తేలింది. సింగిల్ లైన్ మీదికి రెండు రైళ్లకీ దారి ఇచ్చానని గ్రహించిన ట్రాఫిక్ కంట్రోలర్ అత్యవసర కాల్ చేశారు. కానీ కంగారులో ఎంచుకున్నది తప్పు గ్రూపు. అది డ్రైవర్లకి కాకుండా ఇతర కంట్రోలర్లకి వెళ్లింది. మళ్లీ చేసేసరికి ఆలస్యమైపోయింది. 12 మంది చనిపోయారు. డ్యూటీలో ఉండగా ఫోన్‌లో గేమ్ ఆడుతున్నందుకు ఆయనకి శిక్ష పడింది, అందులో అన్యాయమేమీ లేదు. కానీ ప్రాణాలు పోయే క్షణంలో మనిషి చేత ఈ గ్రూపా, ఆ గ్రూపా అని ఎంపిక చేయించే తెర కూడా ఆ తప్పులో భాగమే అంటాను.

దీనికి పూర్తి వ్యతిరేకమైన ఉదాహరణ పోలండ్‌లో ఉంది. అక్కడి పాత అనలాగ్ రేడియోలో మూడు స్వరాలు వరుసగా వినిపిస్తే చాలు, చుట్టుపక్కల రైళ్లన్నీ వాటంతటవే బ్రేకు వేస్తాయి. గ్రూపులూ లేవు, ఎంపికలూ లేవు. ఎవరు పంపారని అడగడమూ లేదు. 2023 ఆగస్టులో ఎవరో మామూలు రేడియో పరికరాలతో ఆ స్వరాలు ప్రసారం చేసి, ష్చెచిన్ ప్రాంతంలో దాదాపు 20 రైళ్లని ఆపేశారు. ఎవరికీ ఏమీ కాలేదు. రైలు ఆగే వైపే లోపం ఉండటం అదృష్టం.

మాటల నుంచి డేటాకి

రేడియోనే సిగ్నల్ అయిన లైన్లు కూడా ఉన్నాయి. స్కాట్లండ్ హైలాండ్స్‌లోని కొన్ని సింగిల్ లైన్ల మీద డ్రైవర్ ప్రతి సెక్షన్‌కీ సిగ్నలర్‌తో మాట్లాడి, రేడియో ద్వారా ఎలక్ట్రానిక్ టోకెన్, అంటే ఆ సెక్షన్‌లోకి వెళ్లే అనుమతి, అందుకుంటేనే రైలు కదులుతుంది. ఆ టోకెన్ రావాలంటే ఇటు డ్రైవర్, అటు సిగ్నలర్ ఒకే సమయంలో బటన్ నొక్కాలి. ఒకరి పొరపాటు ఒక్కటే రైలుని కదిలించలేదన్నమాట.

యూరప్ రైలు నియంత్రణ వ్యవస్థ ఈటీసీఎస్ రెండో స్థాయిలో మాట కూడా తగ్గిపోతుంది. ఎంత దూరం, ఎంత వేగంతో వెళ్లవచ్చో డేటాగా అదే జీఎస్ఎం-ఆర్ మీద క్యాబ్ తెరకి వస్తుంది. బ్రిటన్‌లో 2011లో వేల్స్‌లోని కేంబ్రియన్ లైన్ దీనికి మొదటిది. అలాంటి లైన్ల మీద రేడియో లింకు పోతే కొద్దిసేపట్లో రైలు ఆగిపోతుంది.

జీఎస్ఎం-ఆర్‌కి పరికరాలు తయారుచేసేవాళ్లు 2030ల తర్వాత మద్దతు ఉండదని చెబుతున్నారు. దాని స్థానంలో ఎఫ్ఆర్ఎంసీఎస్ అనే 5జీ ఆధారిత వ్యవస్థ సిద్ధమవుతోంది. యూరప్‌లో దీనికి పాత బ్యాండ్‌తో పాటు 1900–1910 మెగాహెర్ట్జ్‌లు కూడా కేటాయించారు. ఒక దేశంలో మారి పక్క దేశంలో మారకపోతే సరిహద్దు దాటే రైలుకి రెండూ కావాలి. అందుకని కొన్నేళ్ల పాటు చాలా క్యాబ్‌లలో రెండు తరాల రేడియోలూ పక్కపక్కనే పనిచేయాల్సి ఉంటుంది. ఏ తరం రేడియో అయినా బయలుదేరే ముందు హెడ్‌కోడ్ సరిగ్గా కొట్టాల్సింది మాత్రం డ్రైవరే.